అడవి ఊపిరికి లెక్క కట్టడం

2022 జనవరిలో వచ్చిన భారత అటవీ స్థితి నివేదిక మన రాష్ట్రానికి మంచి పేరు తెచ్చింది. రెండేళ్లలో అడవి అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది ఆంధ్రప్రదేశ్‌లోనేనని, ఆ పెరుగుదల 647 చదరపు కిలోమీటర్లని అందులో రాశారు. 632తో తెలంగాణది రెండో స్థానం. ఈ అంకెల్ని కొట్టిపారేయాల్సిన పని లేదు, కానీ అవి ఎలా వచ్చాయో తెలుసుకోవాలి. హెక్టారుకు తగ్గని నేల మీద చెట్ల గొడుగు పది శాతం దాటితే చాలు, ఉపగ్రహ చిత్రంలో అది అడవి కిందే జమ. అక్కడున్నవి నల్లమద్ది చెట్లా, పేపరు మిల్లు కోసం వేసిన జామాయిలా, సుబాబులా, ఎవరిదైనా మామిడి తోటా అన్న తేడా ఆ లెక్కకు పట్టదు.

అదే నివేదికలో కార్బన్ లెక్క కూడా ఉంది. దేశంలోని అడవుల్లో నిల్వ ఉన్న కార్బన్ 7,204 మిలియన్ టన్నులు. అందులో సగానికి పైగా చెట్లలో కాక మట్టిలోనే ఉంది. ఇది నిల్వ లెక్క. చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో చెబుతుంది గానీ, వాగు నుంచి రోజుకు ఎంత చేరుతోందో, తూముల గుండా ఎంత పోతోందో చెప్పదు. నల్లమల పడమటి, దక్షిణపు దిక్కుల్లో కొండల వరుసగా కనిపించే పల్నాడులోని దుర్గి లాంటి ఊరివాళ్లకు ఆ రెండో ప్రశ్నే ముఖ్యం. ఈ అడవి గాలిలోంచి ఏటా ఎంత కార్బన్ తీసుకుంటోంది, ఎంత తిరిగి వదులుతోంది, ఆ క్రమంలో ఎంత నీటిని ఆకాశానికి పంపుతోంది? ప్రపంచంలో ఈ ప్రశ్న మీద చాలా పని జరిగిన చోట్లలో ఒకటి ఉత్తరాన మంచు దేశాల బోరియల్ అడవులు. అక్కడ ఏం తేలిందో, అందులో మన ఎండుటడవులకు ఎంత పనికొస్తుందో చూద్దాం.

ముందుగా పద్ధతి సంగతి. అడవి మీదుగా గాలి అడ్డంగా వీస్తున్నట్టే మనకు తోస్తుంది. నిజానికి అది చిన్నా పెద్దా సుడులుగా దొర్లుతూ పోతుంది. ప్రతి సుడిలోనూ కొంత గాలి పైకి లేస్తుంది, కొంత కిందికి దిగుతుంది. ఎండ కాసే వేళ ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి కాబట్టి చెట్ల తలల నుంచి పైకి లేచే గాలిలో ఆ వాయువు రవ్వంత తక్కువ, పైనుంచి దిగే గాలిలో రవ్వంత ఎక్కువ. నీటి ఆవిరి సంగతి దీనికి తలకిందులు. ఈ రవ్వంత తేడాను పట్టుకోవడమే ఎడ్డీ కోవేరియన్స్ పద్ధతి.

అడవి కంటే ఎత్తుగా ఒక ఇనుప టవర్ కట్టి, దాని మీద రెండు పరికరాలు పక్కపక్కన పెడతారు. మొదటిది సోనిక్ ఎనిమోమీటర్. ఎదురెదురుగా ఉన్న దాని కొమ్ముల మధ్య అల్ట్రాసౌండ్ తరంగాలు అటూఇటూ పరుగెడతాయి. గాలి వాలు ఉన్నవైపు తరంగం కాస్త ముందుగా చేరుతుంది, ఎదురుగాలిలో కాస్త ఆలస్యంగా. ఆ తేడాను బట్టి గాలి పైకెంత, కిందికెంత, పక్కకెంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది. రెండోది పరారుణ కిరణాల సాయంతో గాలిలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎంతున్నాయో చెప్పే విశ్లేషకం. రెండూ సెకనుకు పది లేదా ఇరవై సార్లు కొలుస్తాయి. సెకనుకు పది అనుకున్నా అరగంటలో 18,000 కొలతలు. గాలి వేగంలో వచ్చిన ప్రతి హెచ్చుతగ్గునూ అదే క్షణాన వాయువులో వచ్చిన హెచ్చుతగ్గుతో గుణించి, అరగంటకు సగటు తీస్తే ఆ అరగంటలో అడవి చేసిన ఇచ్చిపుచ్చుకోలు తేలుతుంది. ఒక్క చెట్టునూ కొట్టనక్కర్లేదు, ఒక్క ఆకునూ తుంచనక్కర్లేదు.

ఆలోచన పాతదే. ఆస్ట్రేలియాలో స్విన్‌బ్యాంక్ 1951లోనే దీన్ని రాసిపెట్టాడు. అంత వేగంగా కొలిచే పరికరాలు, ఆ లెక్కలు మోసే కంప్యూటర్లు రావడానికి మరో మూడు, నాలుగు దశాబ్దాలు పట్టింది. 1990 దశకం మొదట్లో అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో ఏళ్ల తరబడి ఆపకుండా కొలిచే పని మొదలైంది. ఆ తర్వాత చూపంతా బోరియల్ అడవుల మీదికి మళ్లింది. కెనడా నుంచి ఫిన్లండ్, స్వీడన్ల మీదుగా సైబీరియా చివరి దాకా పరుచుకున్న ఆ స్ప్రూస్, పైన్ అడవులు ప్రపంచ అడవుల్లో నాలుగో వంతుకు పైమాటే. అక్కడి చల్లటి, తడి నేలలో కార్బన్ వేల ఏళ్లుగా పేరుకుని ఉంది. నేల వెచ్చబడితే అది బయటికొస్తుందా అన్నదే అసలు భయం.

1993 నుంచి 1996 దాకా కెనడాలోని సస్కాచెవాన్, మానిటోబా రాష్ట్రాల్లో నాసా, కెనడా సంస్థలు కలిసి బోరియస్ అనే పెద్ద ప్రయోగం నడిపాయి. టవర్లు, విమానాలు, ఉపగ్రహాలు అన్నీ ఒకే అడవి మీద గురిపెట్టాయి. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది అక్కడ నీటి సంగతి. కాళ్లు దిగబడేంత తడి నేల, చుట్టూ సరస్సులు. అయినా స్ప్రూస్ చెట్లు ఆవిరిగా వదిలే నీరు చాలా తక్కువని తేలింది. గాలి పొడిబారితే చాలు, ఆకుల రంధ్రాలు మూసుకుపోతున్నాయి. దాంతో ఎండ శక్తి నీటిని ఆవిరి చేయడానికి కాకుండా గాలిని వేడెక్కించడానికే పోతోంది. ఆ ప్రాంతాన్ని శాస్త్రవేత్తలు పచ్చటి ఎడారి అన్నారు.

ఇంకో ఫలితం నేరుగా వాతావరణ సూచనల్లోకి వెళ్లింది. మంచు కప్పిన నేల ఎండను తిప్పికొడుతుంది. యూరప్ వాతావరణ కేంద్రం నమూనాలో మంచు పడ్డ అడవి కూడా ఎండలో ఎనభై శాతం దాకా తిప్పికొడుతుందని రాసుకున్నారు. టవర్లు చెప్పింది వేరు. మంచు చెట్ల కింద ఉంటుంది, పైనున్న ఆకులు నల్లగానే ఉంటాయి, తిరిగి వెళ్లేది ఇరవై శాతానికి మించదు. 1996 చివర్లో ఆ అంకెను సరిదిద్దాక, వసంతకాలంలో ఆ నమూనా చూపించే లేనిపోని చలి చాలావరకు పోయింది. కార్బన్ కోసం మొదలుపెట్టిన కొలత వాన, ఎండల జోస్యాన్ని మెరుగుపరిచింది. ఇలాంటి టవర్లకు డబ్బు దండగ అనేవాళ్లకు నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇదే.

కార్బన్ దగ్గరికొస్తే జవాబు ఒక్కటిగా రాలేదు. ఫిన్లండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం 1990 దశకం మధ్యలో మొదలుపెట్టిన హ్యూటియాలా కేంద్రం ఈ రంగంలో బాగా పేరున్నది. అక్కడి పైన్ అడవి 1962లో విత్తనం చల్లి పెంచింది. అది చదరపు మీటరుకు ఏటా సుమారు 200 గ్రాముల కార్బన్‌ను నికరంగా దాచుకుంటోందని దీర్ఘకాల కొలతలు చెప్పాయి. స్వీడన్‌లో ఉప్సాలాకు ఉత్తరాన ఉన్న నోరుండా అడవిలో మాత్రం 1994 తర్వాతి కొలతలు కథ తిప్పేశాయి. చూడటానికి ఆరోగ్యంగా, ఎత్తుగా ఉన్న ఆ అడవి తీసుకునేదాని కంటే వదిలేదే ఎక్కువగా తేలింది. మానిటోబాలో నూటిరవై ఏళ్ల నల్ల స్ప్రూస్ అడవి దాదాపు సరికి సరిగా ఉంది. పైన చెట్లు పెరుగుతూనే ఉన్నా, కింద గడ్డకట్టిన నేల ఎంత లోతుగా కరిగిందన్న దాన్నిబట్టి ఆ ఏటి లెక్క మారిపోతోందని 1998లో ప్రకటించారు. అడవి పచ్చగా ఉందంటే కార్బన్ దాచుకుంటోందని అనుకునే అలవాటుకు ఈ రెండు ఫలితాలూ గట్టి దెబ్బ. చూసేవాళ్ల కంటికి ఆకు కనిపిస్తుంది. మట్టి శ్వాస కనిపించదు.

ఈ తడబాటుకు కారణం లెక్కలోనే ఉంది. హ్యూటియాలా లాంటి అడవి ఏడాదిలో ఆకుల ద్వారా చదరపు మీటరుకు వెయ్యి గ్రాముల వరకూ తీసుకుని, చెట్ల శ్వాస, మట్టిలో కుళ్లుడు ద్వారా ఎనిమిది వందలు తిరిగి ఇచ్చేస్తుంది. మనకు కావలసింది రెండు పెద్ద అంకెల మధ్య మిగిలే చిన్న అంకె. పెద్ద అంకెలో ఐదు శాతం పొరపాటు వస్తే మిగులులో పాతిక శాతం పోతుంది.

పొరపాటు ఎక్కువగా జరిగేది రాత్రిపూట. ఎడ్డీ కోవేరియన్స్‌కు గాలి కలబోసుకోవడం కావాలి. గాలి స్తంభించిన రాత్రి మట్టి వదిలిన కార్బన్ డయాక్సైడ్ టవర్ పైదాకా రాదు, నేల వాలు వెంబడి లోయలోకి జారుకుంటుంది. పరికరం దాన్ని చూడదు. చూడనిదాన్ని లేదనుకుంటే అడవి దాచుకుంటున్నది ఉన్నదానికన్నా పెద్దగా కనబడుతుంది. అందుకే గాలి ఒక స్థాయి కంటే మందగించిన రాత్రుల కొలతలు పక్కనపెట్టి, ఉష్ణోగ్రతను బట్టి అంచనా వేసిన అంకెల్ని నింపుతారు. మరో లోటు కూడా ఉంది. అడవికి అందిన ఎండ శక్తి ఎంతో, అది వేడిగా, ఆవిరిగా ఎంత పోయిందో విడివిడిగా కొలిచి చూస్తే రెండూ సరిపోవాలి. 22 కేంద్రాల లెక్కలు సరిచూసి 2002లో వెలువరించిన అధ్యయనంలో సగటున ఇరవై శాతం శక్తికి ఆచూకీ దొరకలేదు. అంటే నీటి ఆవిరి అంకెలు కూడా కాస్త తక్కువగానే వస్తూ ఉండవచ్చు. ఒక మిల్లీమీటరు నీరు ఆవిరి కావడానికి చదరపు మీటరుకు దాదాపు 2.45 మెగాజౌళ్లు కావాలి. ఐదో వంతు శక్తి లెక్కకు రాకపోవడం వాన చాలని సీమలో చిన్న సంగతి కాదు.

చదునైన నేల, ఒకే జాతి చెట్లు, ఏడాదంతా ఆకు. బోరియల్ అడవి ఈ పద్ధతికి ఇంత అనుకూలంగా ఉండి కూడా ఇన్ని చిక్కులు పెట్టింది. మరి మన సంగతి?

భారతదేశంలో పని ఆలస్యంగా మొదలైంది. ఇందులో పెద్ద పాత్ర హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది. ఇస్రో జాతీయ కార్బన్ ప్రాజెక్టు కింద మధ్యప్రదేశ్‌లోని బేతుల్ టేకు అడవిలో ఇలాంటి టవర్ (దీన్నే ఫ్లక్స్ టవర్ అంటారు) నిలబెట్టారు. ఉత్తరాఖండ్‌లో బర్కోట్, హల్ద్వానీ, పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ నడిపే అస్సాంలోని కాజీరంగా, తమిళనాడులోని పిచ్చవరం మడ అడవి, బెంగాల్ సుందరవనాలు, ఇలా కొన్ని కేంద్రాలున్నాయి. కాజీరంగా ఫలితం ఆలోచింపజేస్తుంది. వానాకాలంలో అడవి బాగా కార్బన్ తీసుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడ వానలకు ముందు నెలల్లోనే గ్రహణం ఎక్కువ. వానాకాలమంతా మబ్బు కమ్మి, ఆకులకు వెలుతురు చాలదు. తడి అడవికి కొరత వెలుతురు అయితే, పొడి అడవికి కొరత నీరు. ఒకదాని లెక్కను రెండోదానికి అతికించలేం. శాస్త్ర పత్రికల్లో తరచూ కనిపించే ఈ పేర్ల సరసన నల్లమల లేదు. ప్రపంచ ఫ్లక్స్ కేంద్రాలు కలిసి విడుదల చేసిన పెద్ద సమాచార సంకలనంలో 212 కేంద్రాలున్నాయి. సూడాన్ సవన్నా, జాంబియా ఎండుటడవి కూడా అందులో చోటు చేసుకున్నాయి, మన దేశానిది ఒక్కటీ లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

నల్లమలకు దగ్గరి బంధువు బేతుల్. అదీ ఆకురాల్చే అడవే. వానలు కురిసి ఆకు నిండుగా ఉన్న నెలల్లో గ్రహణం పెరగడం, ఆకు రాలాక పడిపోవడం రెండుచోట్లా ఒకటే. కానీ టేకు ఎక్కువున్న అడవి వేరు, నల్లమద్ది, చిరుమాను, ఏగిస, సండ్ర, అందుగు, నారేప, తునికి కలగలిసిన అడవి వేరు. తునికినే తీసుకోండి. నేల నెర్రెలిచ్చి, వాగులెండిపోయిన ఏప్రిల్‌లో, చుక్క వాన లేకుండానే తునికి లేత ఆకు వేస్తుంది. బీడీ ఆకు కోతకు ఊళ్లు అడవి బాట పట్టేది అప్పుడే. ఆ ఆకుకు కావలసిన నీరు ఎక్కడిది? వేళ్లు చాలా లోతుకు పోయి, పైమట్టికి సంబంధం లేని తేమను తోడుకుంటూ ఉండాలి. అలాగైతే పైన అడుగు మట్టిలో తేమ చూసి అడవి ఎంత నీరు వాడుతోందో అంచనా కట్టే నమూనాలన్నీ ఆ నెలలో తప్పుతాయి. టవర్ ఒక్కటే దాన్ని నేరుగా చూపగలదు. బోరియల్‌లో తడి నేల మీద ఆవిరి వదలని చెట్లు కనబడ్డాయి. ఇక్కడ ఎండిన నేల మీద ఆవిరి వదిలే చెట్లున్నాయి.

తొలకరి సంగతి ఇంకా ముఖ్యం. 1958లో బర్చ్ అనే శాస్త్రవేత్త కెన్యాలో ఒక విషయం గమనించి రాశాడు. నెలల తరబడి ఎండిన మట్టి ఒక్కసారిగా తడిస్తే సూక్ష్మజీవులు చెలరేగి, కొద్ది రోజుల్లోనే పెద్ద మొత్తంలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఎండలకు చచ్చిన సూక్ష్మజీవుల శేషాలు, విరిగిన మట్టిగడ్డల్లో దాగిన సేంద్రియం వాటికి ఒక్కసారిగా మేత. రోహిణి ఎండల తర్వాత మృగశిరలో మొదటి వాన పడ్డ వారం నల్లమలలోనూ ఇదే జరుగుతుంది. ఆకు ఇంకా పూర్తిగా రాలేదు, తీసుకునేవాళ్లు తక్కువ, వదిలేవాళ్లు ఎక్కువ. ఏడాది లెక్కలో ఈ కొద్ది రోజుల వాటా ఎంతన్నది కొలిస్తేనే తెలుస్తుంది. నెలకోసారి వెళ్లి మట్టి శ్వాస కొలిచే పద్ధతిలో ఆ వారం జారిపోవడం చాలా తేలిక. ఇలాంటి సీమల్ని నిర్లక్ష్యం చేయడానికి వీల్లేదని 2015లో వచ్చిన ఒక ముఖ్యమైన అధ్యయనం చెప్పింది. ప్రపంచపు నేల ఒక ఏడాది ఎక్కువ కార్బన్, మరో ఏడాది తక్కువ కార్బన్ తీసుకోవడానికి ప్రధాన కారణం పెద్ద వర్షారణ్యాలు కావు, వాన మీద ఆధారపడ్డ అర్ధ శుష్క ప్రాంతాలేనని.

ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు భయం వేరే. మన అడవిలో మంట ఎక్కువగా రాలిన ఆకును, గడ్డిని కాలుస్తూ నేల మీదనే పాకుతుంది, కెనడాలోలా చెట్ల తలలంటుకుని లేవదు. ఒకసారి చూస్తే నష్టం చిన్నది. మట్టిలోకి చేరాల్సిన సేంద్రియం ఏటేటా పొగై పోతే పదేళ్లలో మట్టి నిల్వ ఏమవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

పల్నాడు వైపు చిక్కు మరొకటి ఉంది, అది మన నాపరాయి. మాచర్ల, పిడుగురాళ్ల మండలాల కింద పరుచుకున్నది సున్నపురాయి. గుత్తికొండ బిలం లాంటి గుహలు దానిలోనివే. స్పెయిన్ దక్షిణాన అల్మేరియా ప్రాంతంలో సున్నపురాతి నేల మీద టవర్ పెట్టినవాళ్లు ఒక వింత చూశారు. ఎండాకాలంలో, మొక్కలన్నీ వాడి ఉన్నప్పుడు, గాలి వీచిన మధ్యాహ్నాల్లో నేల నుంచి పెద్ద ఎత్తున కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. అది మొక్కలదీ, మట్టిదీ కాదు. రాతి పగుళ్లలో, గుహల్లో నిలవున్న వాయువు గాలి తాకిడికి బయటికొచ్చింది. దుర్గి, మాచర్ల వైపు మైదానంలో టవర్ పెడితే ఈ వాయువు అడవి ఖాతాలో పడిపోయే ప్రమాదముంది. నల్లమల కొండలు చాలావరకు క్వార్ట్‌జైట్, షేలు రాళ్లవి కాబట్టి కొండ మీద ఆ గొడవ తక్కువ. కొండ మీదైతే రాత్రి గాలి వాలు వెంట జారిపోయే గొడవ ఎక్కువ. ఎక్కడ పెట్టినా ఒకటి తప్పదు. నన్నడిగితే కొండ మీదే, వాలు లేని విశాలమైన చదును వెతికి పెట్టాలంటాను. వాలు వల్ల వచ్చే తప్పును పట్టుకునే పద్ధతులు బోరియల్ అడవుల్లో కొలిచేవాళ్లు ముప్పై ఏళ్లుగా సానపట్టి ఉంచారు. రాయి ఊపిరిని విడదీయడం అంతకన్నా కష్టం.

ఇంత కష్టం ఎందుకు, పైనుంచి ఉపగ్రహం చూస్తోంది కదా అని అడిగేవాళ్లున్నారు. ఉపగ్రహాల పని గొప్పదే. అందులో తెలుగు ఇంటిపేర్లున్న ఇద్దరు శాస్త్రవేత్తల పాత్ర పెద్దది. ఉత్తరాది బోరియల్ ప్రాంతాలు 1981 నుంచి 1991 మధ్య మరింత పచ్చబడ్డాయని 1997లో ప్రపంచానికి చెప్పిన బృందానికి ముందున్నది మైనేని రంగా. ఆ బృందంలోనే ఉన్న నేమాని రామకృష్ణ 2003లో నాయకత్వం వహించిన అధ్యయనం, 1982 నుంచి 1999 వరకు భూమి మీద మొక్కల నికర ఉత్పత్తి ఆరు శాతం పెరిగిందని లెక్కగట్టింది. మైనేని, నేమాని ఇద్దరూ పాలుపంచుకున్న 2019 అధ్యయనం మన దేశానికి దగ్గరి విషయం తేల్చింది. 2000 తర్వాత ప్రపంచం పచ్చబడటంలో చైనా, భారత్‌ల వాటా మూడో వంతు. మన వాటాలో మాత్రం ఎనభై రెండు శాతం పంట పొలాలదే, అడవులది ఐదు శాతం లోపు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద ఎండిన చేలు పంటల పచ్చదనం తొడుక్కోవడం కూడా ఈ కోవదే. రైతుకది అన్నం పెట్టింది, సంతోషించాల్సిందే. అయితే ఆ పచ్చదనంలోని కార్బన్ కోత, నూర్పిళ్లతో ఆరు నెలల్లో తిరిగి గాలిలో కలుస్తుంది. పైనుంచి చూసే కన్ను పచ్చదనాన్ని చూస్తుంది, మట్టి శ్వాసను చూడలేదు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం మరో మెట్టు. దాని రాడార్ మబ్బుల్ని దాటి, పన్నెండు రోజులకోసారి ప్రతి చోటునీ చూస్తూ చెట్ల బరువు అంచనాకు తోడ్పడుతుంది. అదీ నిల్వ లెక్కే. హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో 2014లో గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచినవాళ్లకు ఏడాది సగటు పది లక్షల పాళ్లలో 394 వచ్చింది, వానలకు ముందు నెలల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఆ ఎండాకాలపు గరిష్ఠంలో ఊళ్ల పొగ ఎంత, ఆకు రాల్చిన అడవుల శ్వాస ఎంత? ఒక్క గాలి నమూనాతో విడదీయలేం. అడవి వైపు నుంచీ ఒక కొలత ఉండాలి.

నీటి లెక్క కూడా అంతే అవసరం. మాచర్ల దగ్గర ఎత్తిపోతలలో దూకే చంద్రవంక నీరు ఈ కొండల వానే. ఏడాదికి ఏడు, ఎనిమిది వందల మిల్లీమీటర్ల వాన పడే చోట చెట్లు ఎంత తీసుకుంటాయి, ఎంత వాగులోకి వదులుతాయి, ఎంత భూమిలోకి దింపుతాయి అన్నది బోర్ల మీద బతికే మిరప, పత్తి రైతులకు నేరుగా తగిలే సంగతి. చెట్లు పెరిగితే వానలు పెరుగుతాయని ఒక వాదన, చెట్లు ఊటను తాగేస్తాయని ఇంకో వాదన. రెండూ కొంత నిజమే కావచ్చు. ఈ కొండ మీద ఏది ఎంత నిజమో తేల్చేది మాటలు కావు, కొలతలే.

టవర్ ఒక్కటే పెడితే సరిపోదు. దాని చుట్టూ మట్టి శ్వాస కొలిచే పెట్టెలు అరగంటకోసారి వాటంతటవే తెరుచుకుని మూసుకునేలా ఉండాలి, తొలకరి వారం తప్పకుండా దొరకాలి. మట్టి తేమను పై అడుగులోనే కాక రాతి పొర దాకా చూడాలి, లేకపోతే తునికి ఆకు రహస్యం తేలదు. ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాల్చింది, ఎప్పుడు చిగురేసింది, మంట ఏ వైపు నుంచి వచ్చింది అన్నవి ఏటేటా రాసిపెట్టేవాళ్లు కావాలి. ఆ పనికి చెంచు గూడేల్లోని కుర్రాళ్లకంటే తగినవాళ్లు లేరు, ఆ పనికి జీతమూ ఉండాలి. హ్యూటియాలా అంకెలకు విలువ వచ్చింది మొదటి ఏడాదికో, రెండో ఏడాదికో కాదు, పాతికేళ్లు ఆపకుండా కొలిచినందుకు. మూడేళ్ల ప్రాజెక్టు డబ్బుతో మొదలై, పరికరం పాడయ్యాక బాగుచేసే దిక్కులేక ఆగిపోయే టవర్ నల్లమలకు వద్దు. ఒక కరువు ఏడు, ఒక మంచి వానల ఏడు, ఒక పెద్ద మంటల ఏడు, ఒక తుఫాను ఏడు కనీసం ఒక్కొక్కటైనా ఆ కొలతల్లోకి రావాలి. అప్పుడుగానీ ఏ ఏడాది అంకె మామూలుదో, ఏది అసాధారణమైనదో చెప్పడానికి వీలుండదు.